చివరి పోగు

మా ఇంట్లో మాటకన్నా చెయ్యి ముందు లేస్తుంది. మా నాన్నదీ అంతే, మా అన్నదీ అంతే, నిజం చెప్పాలంటే నాదీ అంతే. కబేళాలో పుట్టి, కత్తికీ మొద్దుకీ మధ్య పెరిగినవాళ్ళకి నెమ్మదితనం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ఆ పొద్దున మా అన్న ఆసుపత్రిలోని రీసెర్చ్ యూనిట్ అద్దం తలుపుని గొడ్డలి తిరగేసి పగలగొట్టినప్పుడు, అక్కడున్న అందరిలోకీ తక్కువ భయపడింది నేను. ఎక్కువ సిగ్గుపడిందీ నేనే.

"ఏదిరా మా సూదమ్మ? బయటికి రమ్మను!" అని అరిచాడు అన్న.

సూదమ్మ అంటే నేనే. ఈ యూనిట్‌లో శిక్షణకు చేరి, జనం చేతుల్లోంచి రక్తం తీయడం నేర్చుకున్న దగ్గర్నుంచి మా సందులో నాకదే పేరు. అన్న వెనకాల సందు సందంతా దిగింది. తోలు ఒలిచేవాళ్ళు, పేగులు కడిగేవాళ్ళు, బండి తోలేవాళ్ళు, అందరూ పని మధ్యలోంచి లేచొచ్చినట్టున్నారు, నడుముకి నెత్తుటి గుడ్డలు అలాగే ఉన్నాయి. నలుగురు ఒక దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని మోస్తున్నారు. అందులో మా బావ ఉన్నాడు.

బావ, అంటే మా అక్క మొగుడు, ఎద్దుని కొమ్ములు పట్టి కింద పడేసే మనిషి. ఇప్పుడు తడిగుడ్డలా పడున్నాడు. కళ్ళు పసుపు పచ్చగా తిరిగిపోయాయి. ముక్కులోంచి, చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది. దుప్పటి అంచు పట్టుకుని అక్క నడుస్తోంది, కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

కాపలా తాత కర్ర అడ్డం పెట్టి, "బాబూ, ఎమర్జెన్సీ ఇక్కడ కాదు, పక్క బిల్డింగు..." అన్నాడు పాపం. అన్న పిడికిలి బిగించి ఒక్కటిచ్చాడు. దవడ ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. ఎముకల చప్పుడు మాకు కొత్త కాదు. తాత గోడ పట్టుకుని జారిపోయి, అరచేతిలోకి పన్ను ఊసుకున్నాడు.

నేనేమైనా శాంతమూర్తినా? చేతిలో సూదులు పెట్టుకునే స్టీలు ట్రే ఉంది. దాంతోనే అన్న చెవి మీద ఈడ్చి కొట్టాను. సూదులన్నీ చెల్లాచెదురుగా పడ్డాయి.

"ముసలాయన్ని కొడతావా, సిగ్గులేనోడా! బావని చూపించడానికొచ్చావా, నీ బలం చూపించడానికొచ్చావా?"

"చంపినోళ్ళే బాగుచెయ్యాలి!" అని అన్న నా గొంతు పట్టుకుని గోడకి నొక్కాడు. "నువ్వు సూది గుచ్చి రక్తం లాగిన దగ్గర్నుంచే బావకిలా అయింది. బావకేమన్నా అయిందో, ఈ కొంపలో ఒక్కర్ని మిగల్చను. ముందు నిన్నే!"

నా గొంతు మీద వాడి చెయ్యి నిప్పులా కాలుతోంది. వణుకుతోంది కూడా. కోపం వల్లేమో అనుకున్నాను.

అప్పుడే లోపల్నుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. చూస్తే మనిషి పిడికెడు, గొంతు మాత్రం గంట. మా యూనిట్ నడిపేదీ మాకు పాఠాలు చెప్పేదీ ఆవిడే.

"కొట్టుకునేవాళ్ళు బయటికి పోయి కొట్టుకోండి. ముందు ఆ మనిషిని మంచం మీద పడుకోబెట్టండి," అంది.

అన్న నన్ను వదిలేశాడు. వాళ్ళు బావని మంచం మీద వేశారు. డాక్టరమ్మ కనురెప్పలు లాగి చూసింది, పొట్ట నొక్కింది, సెలైన్ పెట్టించింది. పక్క బిల్డింగు నుంచి ఇంకో ఇద్దరు డాక్టర్లని పిలిపించింది. "ఏం మింగాడు? నాటు మందా? సారాయా? ఏదైనా మాత్రా?" అని ఒక్కొక్కర్నీ అడిగింది. ఎవరి నోటా మాట లేదు. నా వైపు తిరిగి, "ఇతను మన పరీక్షలో ఉన్నాడా?" అంది.

"లేడు మేడమ్. నేనే వెనక్కి పంపేశాను," అన్నాను.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. మా సందులో ఒక జ్వరం ఉంది. పశువు నెత్తురులోంచి వస్తుందట. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది కాబట్టి మేం దాన్ని తిరుగుజ్వరం అంటాం. వచ్చిందంటే ఒళ్ళంతా చెమట, కీళ్ళ నొప్పులు, కత్తి పట్టుకోలేనంత వణుకు. పాత మందులకి కొన్నాళ్ళు ఊరుకుంటుంది, అంతే. దానికి ల్యాబులో కొత్త మాత్ర ఒకటి పుట్టింది. కానీ ల్యాబులో పుట్టిన మాత్ర మనిషి దాకా రావాలంటే మనుషుల మీద పరీక్షించాలి కదా. ఇంతకాలం అలాంటి పరీక్షల్లో చేరినవాళ్ళు పశువు పేగు ముట్టి ఎరగరు. పరీక్షించేవాళ్ళూ అలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. "జ్వరమేమో వాళ్ళది, చదువేమో మనది. ఇలా ఎంతకాలం?" అని పెద్ద డాక్టరమ్మ పైవాళ్ళతో పోట్లాడి, మా సందులోంచి, తోళ్ళు పదును చేసే పేటలోంచి, చెత్త ఎత్తేవాళ్ళ వాడలోంచి కాస్త చదువుకున్నవాళ్ళని ఏరి తర్ఫీదు మొదలుపెట్టింది. రక్తం తీయడం, ల్యాబుకి పంపడం, అన్నిటికన్నా ముఖ్యంగా మా వాళ్ళకి మా మాటల్లో అంతా విడమరిచి చెప్పి, ఇష్టమైతేనే చేర్చుకోవడం. మా సందు నుంచి నేనొక్కదాన్నే. అన్న వద్దన్నాడు, నేను పోతానన్నాను. ఆ రోజు మా ఇంట్లో నా గాజులూ వాడి కనుబొమ్మా పగిలాయి.

తర్ఫీదులో ఎవరికీ కొరుకుడుపడని పాఠం ఒకటుంది. పరీక్షలో చేరినవాళ్ళలో సగంమందికే అసలు మాత్ర. మిగతా సగంమందికి అచ్చం అలాగే కనపడే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది పడిందో మింగేవాడికీ తెలియదు, ఇచ్చేవాడికీ తెలియదు. చీటీలు తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. డాక్టర్లు ఈ మాట చెప్పగానే జనం చెప్పులేసుకుని లేచిపోతున్నారు. దీన్ని ఎలా చెప్పాలిరా దేవుడా అని అందరూ తల పట్టుకుని కూర్చుంటే, నేను లేచి, "ఇందులో ఏముంది మేడమ్, మా పోగుల్లాగే," అన్నాను.

మా కబేళాలో పనయ్యాక మాకు వదిలే మాంసాన్ని పోగులు పెడతారు. ఒకడు పోగుల వైపు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద వేలు పెట్టి, "ఇదెవరిది?" అంటాడు. నిలబడ్డవాడు చూడకుండానే ఒక పేరు పిలుస్తాడు. పేరు పడ్డవాడు నోరెత్తకుండా తీసుకుపోవాలి. పిలిచినవాడికి చివరి పోగు. మా సందులో ఏళ్ళ తరబడి పిలిచేది మా అన్నే. అందుకే వాడిని అందరూ పోగులన్న అంటారు. ఎంత మొండివాడైనా అందులో మాత్రం గింజంత పక్షపాతం కూడా ఉండదు.

నా మాట విని డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. దాన్ని బొమ్మలేయించి గోడకి అంటించారు. పై ఆఫీసు నుంచి ఎవరొచ్చినా నన్ను పిలిచి మళ్ళీ చెప్పించేవాళ్ళు. నేను నేల మీద నడిస్తే ఒట్టు. సందులో కూడా అందరూ, "ఓస్, పోగులే కదా!" అని చేరిపోయారు. ముందు గుడ్లురిమిన అన్న కూడా చేరాడు.

బావ కూడా వచ్చాడు. చిన్నప్పుడెప్పుడో కామెర్లొచ్చి కాలేయం పాడైందని ఆయన రక్తంలో తేలింది. "నీకు కుదరదు బావా," అన్నాను. అందరి ముందూ నన్ను చెంప మీద కొట్టాడు. "అందరికీ ఉండి నాకొక్కడికే లేదా? నేనేమన్నా వెలి పడ్డోడినా?" అని, కొట్టినవాడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనకీ తిరుగుజ్వరమే. అన్న ఆయన భుజం మీద చెయ్యేసి తీసుకుపోతూ, "ఊరుకో బావా. మన సందులో పోగు లేకుండా ఎవడూ ఇంటికి పోడు," అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. బుర్రకి మాత్రం ఎక్కలేదు.

ఇప్పుడు ఆ బావ నా కళ్ళముందు రక్తం కక్కుతున్నాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకి లాగింది. "కాలేయం ఆగిపోతోంది. రెండు దారులున్నాయి. జ్వరమే కాలేయానికి పాకి ఇలా అయ్యుంటే ఒక వైద్యం. ఏదైనా మందు పడక అయ్యుంటే స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఇప్పుడే ఎక్కించాలి. జ్వరమే అయ్యుండి మనం స్టెరాయిడ్ ఇచ్చామనుకో, మన చేత్తో మనమే చంపినట్టు. ఏది మింగాడో రక్తంలో తేల్చే పరీక్ష ఉంది. అది తేలేసరికి రేపవుతుంది."

"రేపటిదాకా ఉంటాడా?"

ఆవిడ మంచం వైపు తిరిగింది. మా మాటలు వినపడ్డవాడెవడో "రేపంట!" అని అరిచాడు. అంతే, గోరుచుట్టు మీద రోకటిపోటు. సందు జనం తలుపుల మీద పడ్డారు. కుర్చీలు విరిగాయి. కంప్యూటర్ కిటికీలోంచి బయటికి పోయింది. మా జట్టులో తోళ్ళ పేట పిల్ల ఒకతి అడ్డం వెళితే జుట్టు పట్టి ఈడ్చేశారు. ఎవరో ఫ్రిజ్‌ని పడదోశారు. అందులో నేను దాచిన వాళ్ళ రక్తం గొట్టాలన్నీ నేల మీద పగిలిపోయాయి. తమ నెత్తుటి మీద తామే జారిపడుతూ, గాజుపెంకులు అరిచేతుల్లో గుచ్చుకుంటూ, లేచి మళ్ళీ విరగ్గొట్టడం. పశువుల్ని కోసే చోట కూడా అంత అసహ్యంగా ఉండదు, అక్కడ పనికి ఒక పద్ధతి ఉంటుంది.

ఆ గలాటాలో పేగులు కడిగే మామ ఒకడు రొమ్ము కొట్టుకుంటూ, "మందుది తప్పే లేదు! మాకందరికీ జ్వరం తగ్గింది! ఈ సూదిదే తప్పు!" అని అరిచాడు.

నేను ఉన్నచోటే ఆగిపోయాను. మందు ఊసు ఇక్కడ ఎవరెత్తారు? బావ పరీక్షలోనే లేడే. అదీగాక, అందరికీ తగ్గడమేమిటి? సగంమంది మింగేది ఉత్తుత్తి మాత్ర కదా. ఒక్కడూ మిగలకుండా అందరికీ ఎలా తగ్గుతుంది? అప్పుడు ఆ పాత మాట బుర్రకెక్కింది. పోగు లేకుండా ఎవడూ ఇంటికి పోడు.

మామ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"మామా," అన్నాను. "మాత్రలు పోగులు పెట్టారా?"

మామ నోరు టక్కున మూసుకుపోయింది. పక్కవాడు నేల చూశాడు. ఆ పక్కవాడు గోడ చూశాడు. చేతిలో కుర్చీ కాలు ఎత్తినవాడు దాన్ని మెల్లగా దించాడు. అంతమంది ఒక్కసారి మౌనంగా అయిపోతే ఇంక చెప్పేదేముంది? కానీ డాక్టరమ్మకి నా ఊహ కాదు, మాట కావాలి. ఊహ తప్పయితే బావ ప్రాణం నా మెడకి చుట్టుకుంటుంది.

"చెప్పండి! బావకి మాత్రలిచ్చారా లేదా? అటో ఇటో ఇప్పుడే తేలాలి!"

"నోర్ముయ్!" అన్నాడు అన్న. "ఎవరూ ఏమీ ఇవ్వలేదు."

నేను అక్క దగ్గరికి పరిగెత్తాను. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉంది. "అక్కా, నువ్వు చెప్పు. ఇచ్చావా?" అక్క నా వైపు చూడలేదు, అన్న వైపు చూసింది. చిన్నప్పుడు నాకు జడలేసిన మనిషి, నేను గట్టిగా మాట్లాడి ఎరగను. ఆ రోజు ఆ మనిషి చెంప మీద నా బలమంతా పెట్టి కొట్టాను. తల తిరిగి మంచానికి కొట్టుకుంది. పెదవి చిట్లింది.

"నీ మొగుడు పోతున్నాడే! నోట్లో ఏం పెట్టుకున్నావ్, చెప్పవే!"

రెండోసారి చెయ్యెత్తేసరికి అన్న మా మధ్యకి వచ్చేశాడు. నడుము దగ్గర్నుంచి కత్తి లాగాడు. తోలు ఒలిచే కత్తి, సన్నగా, వంకరగా, కాగితం కూడా తెగే పదును. ఆ పదును పెట్టడం చిన్నప్పుడు నాకు నేర్పింది వాడే.

"ఇంకో మాట మాట్లాడావంటే కోసి పారేస్తా."

"కొయ్యి," అన్నాను. "కోసైనా నిజం చెప్పు."

వాడు కత్తి నా మీదికి ఝళిపించాడు. బెదిరించడానికే ఝళిపించాడని ఇప్పుడు తెలుసు. నేను పక్కకి తప్పుకోలేదు, కత్తిని చేత్తో పట్టుకున్నాను. ఎడమ అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి తెగింది. ఒక్క క్షణం తెల్లగా కనపడి తర్వాత నెత్తురు గుబగుబా వచ్చింది, మోచేతి దాకా కారింది. పుట్టిన దగ్గర్నుంచీ నెత్తురులో నడిచినవాడు మా అన్న. నా నెత్తురు చూసి కొయ్యబారిపోయాడు.

"ఇచ్చాం!" అని అక్క కేకపెట్టింది. "ఇచ్చామే! ఇచ్చాం! నేనే నోట్లో వేశాను, నా చేత్తో నీళ్ళు తాగించాను!"

ఇంక గట్టు తెగింది. తలా ఒక ముక్క చెప్పారు. మాత్రలు ఇచ్చిన రోజే సందులో అందరూ పళ్ళెం ముందు కూర్చునేవాళ్ళట. ఎవరి సీసా వాళ్ళు అందులో గుమ్మరించి, చేత్తో బాగా కలిపేవాళ్ళట. బావ పేరు కూడా చేర్చి పోగులు పెట్టేవాళ్ళట. అన్న వీపు తిప్పి పేర్లు పిలిచేవాడట. బయటికి పొక్కితే అందర్నీ పరీక్షలోంచి తీసేస్తారని ఒట్టేసుకున్నారట.

"ఎందుకు మామా ఇలా చేశారు?" అన్నాను.

"ఎందుకంటావేంటే?" మామ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సగంమందికి ఉత్తుత్తిది పడుతుందన్నావు. ఒకడి పోగులో ఉట్టి ఎముకలే పడితే ఊరుకుంటామా? చెరిపేసి మళ్ళీ పెడతాం. అందరికీ కాస్త కండ, కాస్త కార్జం, కాస్త ఎముక. అదే కదా పోగంటే! పోగుల్లాగే అని నువ్వే కదే చెప్పావు!"

నేనే చెప్పాను. గోడ మీద బొమ్మ కూడా ఉంది. వాళ్ళకి పాఠం అర్థంకాక చేసింది కాదు ఇది. పోగంటే ఏమిటో నాకన్నా వాళ్ళే సరిగ్గా గుర్తుపెట్టుకున్నారు.

డాక్టరమ్మ అప్పటికే ఇంజెక్షన్‌కి కేక వేసింది. బావ మణికట్టు వదలకుండానే, "ఎంత మింగాడు? ఒక మనిషి పోగేనా?" అని అడిగింది.

"ఒకటే డాక్టరమ్మా," అంది అక్క.

"రెండు," అన్నాడు అన్న.

అందరూ వాడి వైపు తిరిగారు. వాడి చేతిలోంచి కత్తి జారి గాజుపెంకుల్లో పడింది.

"చివరి పోగు నాది కదా. అది కూడా బావకే ఇచ్చాను, రోజూ. నాకు తగ్గిపోయిందిలే బావా, నువ్వు తిను అన్నాను. ఆయన లేస్తే మా అక్క లేస్తుంది కదా అని." వాడి దవడలు కొట్టుకుంటున్నాయి. "మందే కదా. ఎక్కువ తింటే తొందరగా తగ్గుతుందనుకున్నా."

నా గొంతు మీద కాలిన చెయ్యి అప్పుడు అర్థమైంది. అది కోపం కాదు, తిరుగుజ్వరం. సందులో జ్వరం తగ్గనివాడు వాడొక్కడే. వాడు ఒక్క మాత్ర కూడా మింగలేదు.

పోలీసులు వచ్చేసరికి బావకి మందు ఎక్కుతోంది, నా చేతికి కుట్లు పడుతున్నాయి. వరండాలో అన్నని లాఠీలతో గొడ్డుని బాదినట్టు బాదారు. వీపు మీద, మోకాళ్ళ మీద, పడిపోయాక పక్కటెముకల మీద బూటు కాళ్ళతో తన్నారు. మా అన్న దెబ్బలు తింటూ చెయ్యెత్తకపోవడం నేను పుట్టాక అదే చూడ్డం. ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు, తాత దవడ విరగ్గొట్టిందెవరు, నీ చెయ్యి కోసిందెవరు అని. కూరగాయలు తరుగుతుంటే తెగిందని చెప్పమని మామ వెనకనుంచి గొణుగుతున్నాడు.

"రెండూ మా అన్నే," అన్నాను.

సందు సందంతా నన్ను బండబూతులు తిట్టింది. తిట్టనీ. తాత మూడు పూటలా గంజి గొట్టంతో తాగుతున్నాడు.

బావ ఆ రాత్రికి గట్టెక్కాడు. మర్నాడు ఒకసారి కళ్ళు తెరిచి నీళ్ళడిగితే గెలిచామనుకున్నాను. ఆ మర్నాడు పొద్దున్నే పోయాడు. ఇంకాస్త ముందు మందు పడుంటే బతికేవాడా అని డాక్టరమ్మని అడిగాను. "బతికుండొచ్చు," అంది, అబద్ధం చెప్పే మనిషి కాదు. తలుపులు పగలగొట్టిన సమయం, నా గొంతు పట్టుకున్న సమయం, నేను ట్రేతో కొట్టిన సమయం, అన్నీ ఆ ఇంకాస్తలోకే పోయాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పళ్ళెంలో కలిపి పంచుకున్నట్టే మాకందరికీ సమానంగా వచ్చింది.

అక్క నాతో మాట్లాడదు. మా సందుని పరీక్షలోంచి తీసేశారు, మిగిలిన మాత్రలన్నీ వెనక్కి తీసుకున్నారు. గోడ మీది పోగుల బొమ్మ నేనే చింపేశాను.

"నువ్వు తప్పేం చెప్పలేదమ్మా," అంది డాక్టరమ్మ.

"సగం చెప్పాను మేడమ్," అన్నాను.

అన్నకి లాకప్‌లో జ్వరం ముదిరి మళ్ళీ మా ఆసుపత్రికే తెచ్చారు. పాత మందు మొదలుపెట్టే ముందు రక్తం తీయాలి. మా జట్టులో అందరూ వాడి గదిలోకి పోము అన్నారు. నేను వెళ్ళాను. ఎడమచేతికి కట్టు, కుడిచేతిలో కొత్త ట్రే. వాడి కుడిచెయ్యి మంచానికి బేడీ వేసి ఉంది. కళ్ళు వాచి, మొహం నల్లగా కమిలిపోయి ఉంది. స్టూలు మీద కానిస్టేబుల్ ఫోను చూసుకుంటున్నాడు.

"రక్తం తీస్తా. జ్వరం ఎంత లోతుకి దిగిందో చూడాలి. నీకిష్టమైతేనే," అన్నాను.

"ముందు చెప్పు," అన్నాడు.

"చెప్పాగా, జ్వరం..."

"అది కాదే. ఆ కొత్త మాత్ర సంగతి. మొదటి రోజు సందులో నిలబడి చెప్పావే, అది మళ్ళీ చెప్పు. పోగులూ గీగులూ లేకుండా చెప్పు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. "సగంమందికి మందు. సగంమందికి ఉత్తుత్తిది."

"ఉత్తుత్తిది మింగినోడి గతేంటి?"

"పాత మందు ఉంటుంది. కొత్తదాని లాభం వాడికి రాదు."

"పక్కోడికి తగ్గుతుంటే చూస్తూ కూర్చోవాలి."

"కూర్చోవాలి. పంచుకోకూడదు. పంచుకుంటే ఆ మాత్ర బాగుచేస్తుందో చంపుతుందో ఎవరికీ తేలదు. తేలకుండానే రేపు ఊరందరి నోట్లోనూ వేస్తారు."

"చంపుతుందని అప్పుడే తెలుసా?"

"కాలేయం పాడైనవాళ్ళని చంపొచ్చని తెలుసు. అందుకే బావని వద్దన్నాను."

"బావకి ఏమని చెప్పావు?"

"నీకు కుదరదని చెప్పాను."

"చచ్చిపోతావని చెప్పావా?"

ఫోనులోంచి కానిస్టేబుల్ తలెత్తి చూశాడు.

"లేదు," అన్నాను. "చెబితే భయపడి అందరూ లేచిపోతారనుకున్నా. మీరు లేచిపోతే మేడమ్ ముందు నా పరువు పోతుందనుకున్నా."

అన్న పైకప్పు వైపు తిరిగాడు. వాచిన కంట్లోంచి నీళ్ళు చెవి వైపు జారాయి.

"ఇప్పుడు చెప్పినట్టు ఆ రోజే చెప్పుంటే నేనేం చేసేవాణ్ణి?"

"కొట్టేవాడివి."

"ఆఁ. ఒక్కటి పీకి, నీ మందూ వద్దు, నువ్వూ వద్దు అని అందర్నీ తీసుకుపోయేవాణ్ణి. లేకపోతే అన్నీ తెలిసి చేరేవాళ్ళం. ఏదైనా, బావ నోట్లో మాత్రం పెట్టేవాణ్ణి కాదు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఒక్క చెంపదెబ్బతో పోయేది కదే."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని కూర్చున్నాను.

వాడి ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. అది లేవడం చూశాను. తప్పుకోలేదు. చెంప ఛెళ్ళుమంది, ట్రేలో సూదులు గలగలలాడాయి. కానిస్టేబుల్ లాఠీ తీసుకుని లేచాడు. "ఆగండి సార్," అని నా కట్టు చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది అప్పటిది," అన్నాడు అన్న.

అని ఆ చెయ్యే తిప్పి, నరం పైకి వచ్చేలా పిడికిలి బిగించి, నా ముందు చాపాడు.

"ఇప్పుడు గుచ్చు."